చీడ వేరు, తెగులు వేరు

ప్రశ్న: మా చీనీ (బత్తాయి) తోటలో కాయలు నల్లబడుతున్నాయి. మందుల అంగడిలో 'తెగులు వచ్చింది' అని చెబితే రాగి మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. పక్క తోట రైతు 'అది తెగులు కాదు, చీడ' అన్నాడు. చీడ, పీడ, తెగులు, పురుగు అన్నీ ఒకటే కాదా? ఈ మాటలు ఎక్కడివి?
– ఒక రైతు, పులివెందుల

జవాబు: ఒకటి కావు. వాటిని ఒకటిగా వాడినందుకే మీకు రెండు పిచికారీల ఖర్చు దండగైంది. ముందు మాటల సంగతి చూసి, తర్వాత తోటలోకి పోదాం.

పురుగు అనేది ప్రాణి పేరు. అందులో మంచీ లేదు, చెడూ లేదు. హిందూపురం వైపు ఎన్నో ఇళ్లకు కూడు పెట్టే పట్టుపురుగూ పురుగే, కాయ తొలిచేదీ పురుగే. రాత్రిపూట పాము పేరెత్తడం ఇష్టం లేనివాళ్లు 'పురుగు ముట్టింది' అనేదీ ఈ మాటతోనే. పాత పద్యాల్లో 'పురువు' అని కూడా ఉంటుంది. తమిళంలో పుళు, కన్నడంలో హుళు దీనికి తోబుట్టువులు. తమిళులు నాలుక బాగా మడిచి పలికే ఆ అక్షరం తెలుగులో కొన్నిచోట్ల డకారంగా, కొన్నిచోట్ల రకారంగా మారింది. వాళ్ల కోళి మనకు కోడి, వాళ్ల పుళు మనకు పురుగు.

చీడ ప్రాణి పేరు కాదు, ప్రాణుల వల్ల పైరుకు పట్టిన చెరుపు పేరు. నిఘంటువులు దీన్ని దేశ్యంగానే, అంటే సంస్కృతం నుంచి రాని మన సొంత మాటగానే లెక్కిస్తాయి. ఒక పురుగు కనిపించినంత మాత్రాన చీడ అనం. అది పెరిగి పైరును దెబ్బతీస్తేనే 'చీడ పట్టింది' అంటాం.

తెగులు మూలం 'తెగు' అనే క్రియ. తెగడమంటే తునగడం, పాత తెలుగులో చావడం కూడా. ప్రాణాన్ని తెంపేది కాబట్టి తెగులు. ఒకప్పుడు మనుషుల జబ్బుకూ ఇదే మాట వాడేవారు. 'నీకేం తెగులు పుట్టింది' అనే తిట్టులో ఆ వాడుక ఇంకా బతికే ఉంది. వ్యవసాయంలో మాత్రం ఇది బూజు, బాక్టీరియా, వైరస్‌ల వల్ల వచ్చే జబ్బులకే స్థిరపడింది.

ఇక పీడ సంస్కృతం. పిండడం, నొక్కడం అనే ధాతువు నుంచి వచ్చింది. వాయుపీడనంలోని పీడనం కూడా అక్కడిదే. చీడ పక్కన ప్రాస కుదిరి 'చీడపీడలు' అయింది. పీడకు విడిగా మందంటూ లేదు.

ఈ మాటలు పక్కన ఏ క్రియను చేర్చుకుంటాయో గమనించండి. చీడ పడుతుంది, తెగులు సోకుతుంది, పురుగు తొలుస్తుంది, పీడ విరగడవుతుంది. మన పెద్దవాళ్లు వీటిని కలగలిపి వాడలేదు. కలిపేసింది ఈమధ్యే.

ఇప్పుడు తోటలోకి పోదాం. చీడా తెగులా అని తేల్చుకోవడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంటే చాలు. ఆకు పైభాగం కాదు, అడుగు చూడాలి. కొరికిన అంచులు, తొలిచిన రంధ్రం, పెంటికలు, గూడు, జిగురు – వీటిలో ఏదున్నా చీడే. అవేవీ లేకుండా గుండ్రని మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు వలయం, బూడిద చల్లినట్టు పొర, తుప్పులాంటి పొడి ఉంటే తెగులు. మొక్క పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వడలిపోతే కాండాన్ని మొదలు దగ్గర నాలుగు అంగుళాలు కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో తగిలేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలచారల్లాంటివి కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి పురుగు మందు ఎంత కొట్టినా వృథా. ఈ పరీక్ష ముఖ్యంగా టమాటా, వంగ రైతులకు అక్కరకొస్తుంది.

మీ కాయల సంగతి. చీనీ, నిమ్మ కాయల మీద వచ్చేవి రెండున్నాయి, రెండూ చర్మరోగాల పేర్లు పెట్టుకున్నవే: గజ్జి, మంగు. గజ్జి బాక్టీరియా తెగులు. మచ్చలు ఉబ్బుగా, గరుగ్గా, బెండులా ఉంటాయి. ఆకుల మీద కూడా వస్తాయి, చుట్టూ పసుపు వలయం ఉంటుంది. దానికి రాగి మందు సరైనదే. మంగు అలా కాదు. ముఖం మీద మంగుమచ్చ ఎలా ఉంటుందో కాయ మీదా అలాగే గోధుమ, నలుపు రంగు పరుచుకుంటుంది, ఉబ్బు ఉండదు. దానికి కారణం కంటికి ఆనని నల్లి. బాక్టీరియాను చంపే రాగి మందు నల్లినేం చేయదు.

మంగుకు నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున, పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు కొట్టాలి. కాయ అంతా తడవాలి, ముఖ్యంగా చెట్టు లోపలి గుబురులో. ఇక్కడ మూడు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, కడప, అనంతపురం ఎండల్లో మిట్టమధ్యాహ్నం గంధకం కొట్టడం. వేడి 35 డిగ్రీలు దాటాక కొడితే కాయ తోలే మాడిపోతుంది. రెండోది, గంధకంలో వేపనూనె కలపడం లేదా ముందు వారమే నూనె మందు కొట్టి ఉండడం. అప్పుడూ మాడుతుంది. మూడోది, పురుగు పోతుందని సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొట్టడం. అవి నల్లిని తినే మేలైన పురుగుల్ని చంపేస్తాయి, నల్లి మరింత పెరుగుతుంది. నల్లికని పాత కాగితాల్లో రాసి ఉండే డైకోఫాల్‌ను 2023లో నిషేధించారు, ఎవరిచ్చినా తీసుకోకండి.

ఒక్క మాట. రంగు మారిన కాయ మళ్లీ మామూలు రంగుకు రాదు. నల్లి రసం పీల్చిన కొంతకాలానికి గానీ నలుపు బయటపడదు కాబట్టి, నలుపు చూశాక కొట్టే మందు మిగిలిన కాయల కోసమే. వచ్చే కాపులో కాయ గోలీ అంత ఉన్నప్పటి నుంచే భూతద్దంతో చూడటం మొదలుపెట్టండి.

చీడా తెగులూ కలిసి వచ్చే సందర్భం కూడా ఉంది. అనంతపురం జిల్లా రైతులు 2000 సంవత్సరాన్ని మరచిపోరు. ఆ ఏడు వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ సోకి సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వైరస్ తెగులే. దాన్ని మోసింది మాత్రం తామర పురుగులు. గట్ల మీది వయ్యారిభామ పూల పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగు ఒంటికి ఆ పుప్పొడి అంటుకుని చెనక్కాయ ఆకు మీద రాలుతుంది, పురుగు ఆకును గీరిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. వైరస్‌ను చంపే మందు లేదు. అందుకే వయ్యారిభామను పూత రాకముందే పీకడం, కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ పట్టించడం, చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్నో సజ్జో వేయడం. ఈ మూడింటిలో మొదటిదే ముఖ్యం, పైసా ఖర్చు లేనిదీ అదే. అది ఒక్కరి చేనిలో చేస్తే చాలదు, దారి పక్క, బీడులోనూ పీకాలి.

ప్రశ్న: మేం కంబళి పురుగు అంటాం, పుస్తకాల్లో గొంగళి పురుగు అని ఉంటుంది, హైదరాబాదులో ఉన్న మా కోడలు బొంత పురుగు అంటుంది. మూడూ ఒకటేనా?
– ఒక గృహిణి, కళ్యాణదుర్గం

జవాబు: ఒకటేనమ్మా. కంబళి, గొంగళి, బొంత – మూడూ కప్పుకునేవే. ఒళ్లంతా వెంట్రుకలతో ఉన్న పురుగును చూసి ఎవరింట్లో ఉన్న కప్పడంతో వాళ్లు పోల్చారు. కురుబలు గొర్రెబొచ్చుతో నేసే కంబళి మీ వైపు ఇంటింటా ఎరిగినదే. పక్కన కన్నడంలోనూ ఇది కంబళి హుళువే, తమిళంలో కంబళిపూచ్చి.

మీ ఎర్రనేలల్లో చెనక్కాయ మీద పడేది ఎర్ర గొంగళి పురుగు. తొలకరిలో మంచి పదును వాన పడిన మూడు నాలుగు రోజులకు భూమిలోని కోశాల (పురుగు రెక్కలు వచ్చేదాకా నిద్రపోయే గూళ్ల) నుంచి తెల్లరెక్కల పురుగులు లేస్తాయి. గుంపుగా గుడ్లు పెడతాయి. పిల్లలు మొదట్లో ఒకే ఆకు మీద గుంపుగా ఉండి ఆకును జల్లెడలా చేస్తాయి. ఆ దశలో ఆకును తెంపి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేస్తే పని అయిపోతుంది. లీటరుకు 2 మి.లీ. క్వినాల్‌ఫాస్ పనిచేసేదీ అప్పుడే. వెంట్రుకలు ముదిరాక మందు ఒంటికి సరిగా అంటదు, అవి దండుగా చేను నుంచి చేనుకు నడుస్తాయి. అప్పుడు చేను చుట్టూ అడుగు లోతు, అడుగు వెడల్పు కాలువ తీయాలి. చేను వైపు గోడ నిట్టనిలువుగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే ఎక్కి వచ్చేస్తాయి. చాలామంది చేసే తప్పు అదే. కాలువలో పడ్డవాటిని మట్టితో పూడ్చాలి. ఒకప్పుడు ఆ కాలువలో చల్లే మిథైల్ పారాథియాన్ పొడిని 2018లోనే నిషేధించారు.

వానకు లేచే రెక్కల పురుగుల్ని రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా మంటలు వేసి రప్పించి చంపడం పాత పద్ధతి, ఇప్పటికీ మేలైనది. ఊరంతా ఒకే రాత్రి వేయాలి. ఒక్కరే వేస్తే ఊళ్లోని పురుగులన్నీ ఆ చేనికే చేరతాయి. వేసవిలో లోతు దుక్కి దున్నితే కోశాలు పైకి వచ్చి కొంగల పాలవుతాయి. కోశాలు ఎక్కువగా గట్ల పక్క, చెట్ల నీడన ఉంటాయి, నాగలి అక్కడిదాకా పోనివ్వాలి.

ప్రశ్న: వానలు పడగానే ఎర్రగా మఖమల్ గుడ్డలా ఉండే పురుగులు నేలంతా పారాడుతున్నాయి. విత్తనం తింటాయా? మందు చల్లాలా?
– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: చల్లవద్దు. అవి ఆరుద్ర పురుగులు. జూన్ చివర వచ్చే ఆరుద్ర కార్తె పేరే వాటికి వచ్చింది. విత్తనం, మొలక ముట్టవు, చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనూ తింటాయి. ఇందాక చెప్పినట్టు, పురుగైనంత మాత్రాన చీడ కాదు.

ప్రశ్న: 'ఈతిబాధలు' అని రోజూ వింటాం. ఈతి అంటే ఏమిటి?
– ఒక డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: ఇప్పుడు ఇంటి ఖర్చులు, అప్పులు, కుటుంబ కష్టాలు అన్నింటికీ ఈ మాట వాడుతున్నాం. మొదట ఇది రైతు కష్టాల లెక్క. సంస్కృతంలో ఈతి అంటే పైరును నాశనం చేసే ఉపద్రవం. ఆరు ఈతులని శ్లోకం ఉంది:

అతివృష్టి రనావృష్టి ర్మూషికా శ్శలభా శ్శుకాః
ప్రత్యాసన్నాశ్చ రాజానః షడేతా ఈతయః స్మృతాః

వాన ఎక్కువ కావడం, అసలు పడకపోవడం, ఎలుకలు, మిడతలు, చిలుకలు, మరీ దగ్గరగా వచ్చి కూర్చున్న రాజులు. రెండో పంక్తిని మార్చి స్వచక్రం, పరచక్రం అని తమ సేనను, పరాయి సేనను చేర్చి ఏడు ఈతులు చెప్పే పాఠం కూడా ఉంది. పైరు మీదుగా సేన నడిచిపోతే మిగిలేది ఏముంటుంది? సేనను, మిడతలను, ఎలుకను పక్కపక్కన పెట్టి లెక్కించినవాళ్లు రైతు వైపు నిలబడి చూశారు. ఈ జాబితాను మించిన పంట నష్టాల పట్టిక నాకు కనిపించలేదు. చిలుకల దెబ్బ తెలియాలంటే పొద్దుతిరుగుడు, సజ్జ కంకులు పాలు పోసుకునేటప్పుడు చేనికి వెళ్లి చూడండి. రాయలసీమలో ఆరింటిలో అనావృష్టే పెద్దన్న.

శలభం అంటే సంస్కృతంలో మిడత కూడా, దీపం మీద పడే రెక్కల పురుగు కూడా. తెలుగులో రెండో అర్థమే నిలిచింది. మొదటిదానికి మనకు మిడతల దండు అనే చక్కని మాట ఉంది. 2020 వేసవిలో ఎడారి మిడతలు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు రాయదుర్గం వైపు జిల్లేడు చెట్ల మీద గుంపులుగా మిడతలు కనబడి జనం బెదిరిపోయారు. అవి జిల్లేడు మిడతలు. ఒంటి మీద నీలం, పసుపు చారలుంటాయి. జిల్లేడును వదిలి పంట మీద పడటం అరుదు. ఎడారి మిడతకు ఆ చారలుండవు, లేత దశలో గులాబీ ఛాయ, ముదిరాక పసుపు రంగు. పైగా అది ఒక చెట్టును పట్టుకుని ఉండదు, ఎదురైన పచ్చదనమంతా తింటుంది.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లిందంటారు, నిజమా? మా కల్లంలో, గోదాములో వీటి బాధ పడలేకున్నాం. మందు పెట్టే పద్ధతి కూడా చెప్పండి.
– ఒక రైతు, ఆదోని

జవాబు: నిజమే. కొక్కు అంటే తెలుగులో ఎలుక. అందుకే వినాయకుడికి కొక్కురౌతు అని పేరు. పందిలా బలిసి, నేల పెళ్లగిస్తూ, తరిమితే గుర్రుమనే పెద్ద కొక్కు కాబట్టి పందికొక్కు. 18వ శతాబ్దం చివరికే ఇంగ్లిష్‌లోకి ఎక్కింది. ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కు, పొట్ట సంచీ ఉన్న వేరే జంతువును చూసి కూడా ఇంగ్లిష్‌వాళ్లు అదే పేరు పెట్టారు. ఆ జంతువుకు మన పందికొక్కుతో చుట్టరికం లేదు. మనదాని శాస్త్రీయనామం కూడా బాండికోటానే. అందులో కిలో దాకా తూగే పెద్దది ఇళ్లు, గోదాముల చుట్టూ ఉంటుంది. దానికంటే చిన్నది పొలం గట్లలో బొరియలు తవ్వి, వెన్నులు కొరికి లోపలికి ఈడ్చుకుని దాచుకుంటుంది.

మందు పెట్టే ముందు బతికున్న బొరియలేవో తెలియాలి. సాయంత్రం కనిపించిన ప్రతి కన్నాన్నీ మట్టితో మూయండి. మరునాడు పొద్దున తెరిచి ఉన్నవి, తాజా మట్టి కుప్ప ఉన్నవి – వాటిలోనే కాపురం ఉన్నట్టు. చిన్న పందికొక్కు తన కన్నం మట్టితో తానే మూసుకుంటుంది కాబట్టి కన్నం మూసి ఉన్నా పక్కన కొత్త మట్టి ఉందేమో చూడాలి.

ఎరకు బ్రోమడయోలోన్ 0.25 శాతం పొడి వాడండి. కిలో ఎరకు 960 గ్రాముల బియ్యపు నూకలు, 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల మందు. ముందు నూకలకు నూనె పట్టించి, తర్వాత మందు చల్లి కర్రతో కలపాలి. మందు ముందేస్తే నూకకు అంటక అడుగున పొడిగా మిగిలిపోతుంది, ఎర చప్పబడుతుంది. చేతికి తొడుగు ఉండాలి, ఇంటి గిన్నెలు వాడరాదు. 10–15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి బొరియలోకి జానెడు లోపలికి తోసి పైన వదులుగా మట్టి కప్పండి. ప్లాస్టిక్ కవరులో కడితే వాసన బయటికి రాదు. గట్టు మీద బయట పెడితే కుక్కలు, నెమళ్లు తిని చస్తాయి.

ఈ మందు నెత్తుటిని గడ్డకట్టనివ్వదు, పందికొక్కు నాలుగైదు రోజులకు చస్తుంది. ఆలస్యమైందని రైతులు చప్పరిస్తారు గానీ దాని బలం ఆ ఆలస్యంలోనే ఉంది. జింక్ ఫాస్ఫైడ్ తిన్నది కొన్ని గంటల్లోనే చస్తుంది. కొద్దిగా తిని బతికినవి మాత్రం ఆ ఎరను మళ్లీ ముట్టవు. అందుకే జింక్ ఫాస్ఫైడ్ పెట్టేముందు రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేయాల్సి వస్తుంది. బ్రోమడయోలోన్‌కు ఆ పని లేదు. వారం పది రోజుల తర్వాత మళ్లీ కన్నాలు మూసి చూసి, తెరిచిన వాటిలో రెండో విడత పెట్టండి.

ఎర పనిచేయలేదనే ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది వెన్ను ముదిరాక పెట్టినవాళ్ల నుంచి. చేనంతా గింజ ఉంటే పొట్లంలోని నూక కోసం అవి ఎందుకొస్తాయి? పైరు పొట్టకు రాకముందే, ఊరంతా ఒకే వారంలో పెట్టాలి. గట్లు అడుగు వెడల్పుకు మించకుండా చెక్కితే బొరియకు చోటుండదు. గోదాములో బస్తాలు నేల మీద కాక చెక్కల మీద, గోడకు రెండడుగుల ఎడంగా పేర్చండి, వెనక్కి వెళ్లి చూసే దారి ఉండాలి. కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు బొరియల్లో వేస్తున్నారు. వాటి నుంచి వచ్చే వాయువు మూసిన గదిలో మనుషుల్ని కూడా చంపుతుంది. అనుమతి ఉన్నవాళ్లు తప్ప వాటిని వాడకూడదు, ఇంటికి ఆనుకున్న గోదాములో అసలే వద్దు.

పొరపాటున పిల్లలు గానీ పశువులు గానీ బ్రోమడయోలోన్ ఎర తింటే వెంటనే ఏమీ కనిపించదు, అదే ప్రమాదం. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు విటమిన్ కె1. మందు పెట్టెను కూడా వెంట తీసుకెళ్తే ఏ మందు తిన్నదీ డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.